మొదటి నిమిషంలో ఏం వినబడింది?

శుక్రవారం పొద్దున కంపెనీ గేటు ముందు హాజరు కోసం వరుసలో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. చేసింది మా పక్కింటి చిన్నమ్మ. ఎత్తి ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏ చప్పుడూ లేదు. లైను కలవలేదేమోనని హలో హలో అని రెండుసార్లు అరిచాను. ఎందుకో ఫోన్‌ను కుడి చెవికి మార్చాను. అప్పటికే ఆమె ఏడుస్తూ ఉంది. ఎంతసేపటి నుంచి ఏడుస్తోందో నాకు తెలియదు.

"మీ కాక పోయిండు బిడ్డా. చాయ్ తాగుకుంట తాగుకుంట గట్లనే ఒరిగిండు," అంటోంది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, భయం. కాక లేడన్న భయం ఒకటి. నా ఎడమ చెవి పోయిందన్న భయం ఇంకొకటి. నా చెవులు చెడుతున్న సంగతి కాకకు తప్ప ఎవరికీ తెలియదు. నా భార్యకు కూడా చెప్పలేదు.

చిన్నమ్మ భర్తను కాక అని పిలుస్తానే గానీ, ఆయన నాకు రక్తసంబంధం కాదు. లక్డారంలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ నడుమ గోడ ఒక్కటే. నేను ఇంటర్ తప్పి రేకులు కొట్టే ప్రెస్ షాపులో చేరిన కొత్తలో ఆయనకు పటాన్‌చెరు బస్టాండు దగ్గర క్యాసెట్లు రికార్డు చేసిచ్చే దుకాణం ఉండేది. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి మెమరీ కార్డులు వచ్చాయి. ఆ తర్వాత అందరి చేతుల్లోకీ నెట్ వచ్చి పడింది. దుకాణం కాస్తా రీచార్జీలకు మిగిలింది. ఇంకొకరైతే పాటలకు దండం పెట్టి ఊరుకునేవారు. కాక ఊరుకునే రకం కాదు. ఫోన్‌లో 'కొత్త పాట' అని ఒక గ్రూపు పెట్టాడు. ప్రెస్ షాపుల వాళ్ళు, మందుల కంపెనీల్లో చేసే ఆడవాళ్ళు, లారీ డ్రైవర్లు, కిష్టారెడ్డిపేట అపార్టుమెంట్ల వాచ్‌మెన్లు, ఎవరు దొరికితే వారిని అందులో వేశాడు. వద్దన్నవాళ్ళను ముందు వేశాడు.

ప్రతి శుక్రవారం ఏడింటికి, షిఫ్టు మారే వేళకు, మూడు పాటలు వచ్చేవి. మూడూ ఆ వారం విడుదలైనవే. ఒకటి మనది, ఒకటి పొరుగువాళ్ళది, ఒకటి మనకు తలా తోకా తెలియనిది. ఒక వారం ఒగ్గు డోలు మీద ర్యాప్, దాని కింద ఒడియా పెళ్ళి పాట, దాని కింద ఏదో మంచు దేశంలో గొంతు చించుకునే గిటార్ల గోల. ఇంకో వారం ఖవ్వాలీ, భోజ్‌పురి, మాటల్లేకుండా ఒక్క బాకాతో పది నిమిషాలు సాగే పాట.

"గిదేం పాట కాకా, మిక్సీల రాళ్ళేసినట్టున్నది," అని ఒకసారి గొడవ పెట్టుకున్నాను.

"ఇంకోపారి ఇను. గా రాళ్ళల్ల కూడ ఒక తాళమున్నది," అన్నాడు.

విన్నాను. ఉంది. నాకు మరింత ఒళ్ళు మండింది.

ఆదివారాలు పాత బండి వేసుకుని వలస కూలీల గదుల చుట్టూ తిరిగేవాడు. గడపలో నిలబడి, "తుమారే గాంవ్ మే నయా క్యా ఆయా భాయ్?" అని అడిగేవాడు. వాళ్ళు మొదట బిత్తరపోయేవారు. కిరాయి కట్టారా, ఆధార్ ఉందా అని అడిగినవాళ్ళే తప్ప మీ ఊళ్ళో కొత్తగా ఏం పాట వచ్చిందని అడిగినవాళ్ళు వాళ్ళకు ఇక్కడ ఎవరూ తగల్లేదు. మా షాపులో వెల్డింగ్ చేసే ఒడియా అతను తన ఊరి పాట గ్రూపులో వచ్చిన రోజు ఫోన్ పట్టుకుని మిషన్ మిషన్‌కూ తిరిగి చూపించాడు.

"పాత పాట ఎప్పుడన్న ఇనొచ్చు. కొత్తది కొత్తగుండేది ఇయ్యాల ఒక్కనాడే," అనేవాడు కాక.

గ్రూపుకు ఒక్కటే షరతు. విన్నవాళ్ళు తమకేం వినబడిందో ఒక్క వాక్యం రాయాలి. బొటనవేలి బొమ్మలు, చప్పట్ల బొమ్మలు పనికిరావు. "సూపర్ అంటే ఇననట్టే," అని తేల్చేసేవాడు. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే ఆమె ఒకసారి, "రెండో చరణం ముంగట గామె ఊపిరి పీల్చుకున్నది ఇనవడ్డది," అని రాసింది. ఆ మాట వారం రోజులు ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు.

నా గొడవంతా ఆ షరతుతోనే మొదలైంది. పవర్ ప్రెస్ మీద పాతికేళ్ళు చేశాను. చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు. చెమటకు దురద, పైగా సూపర్‌వైజర్ పిలిస్తే వినబడదు, అందుకని జేబులో వేసుకునేవాణ్ణి. తప్పు నాదే. రెండేళ్ళ కింద చెవిలో గుయ్యిమని ఒక మోత మొదలైంది. ఇంట్లో ఫ్యాను అనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి. మోత మాత్రం ఆగలేదు. మంచం మీద కూర్చుని ఆ ఆగిన రెక్కలనే చూస్తూ ఉండిపోయాను.

ఎవరికి చెప్పను? నాది కాంట్రాక్టు పని. చెవులు పోయినవాణ్ణి ప్రెస్ మీద నిలబెడతారా? అందుకని దాచాను. గ్రూపులో కూడా దాచాలి కదా. పాట కింద నెట్‌లో జనం రాసిన మాటలు చదివి, వాటినే తెలుగులో రాసి పెట్టడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు సాగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఒకరోజు షిఫ్టు దిగేసరికి గేటు ఎదుట చాయ్ దుకాణం దగ్గర కాక కూర్చుని ఉన్నాడు.

"ఆఖర్ల వయొలిన్ ఏడిపిచ్చిందని రాసినవ్‌గదా?"

"అవ్ కాకా. మస్తున్నది."

"నేను పంపిన దాంట్ల వయొలినే లేదు బిడ్డా. స్టేజీ మీద పాడినప్పుడు పెట్టిండ్రు. గా వీడియో కింద ఎవడో రాసింది నువ్వు సదివినవ్."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లేచి నా వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి ముందుకు వచ్చి, "ఎన్నిపార్లు ఊపిన?" అన్నాడు.

"ఏం ఊపినవ్?"

గుప్పిట తెరిచి అగ్గిపెట్టె చూపించాడు. చాయ్ పోసే అతను నవ్వుతూ, "ఏడుపార్లు ఊపిండన్నా, నాకే ఇనవడ్డది," అన్నాడు. అతను నాకు మూడు గజాల దూరంలో ఉన్నాడు. నేను చాయ్ గ్లాసును చెవి దగ్గరికి తెచ్చి గోటితో కొట్టి చూసుకున్నాను.

కాక గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. "పరేషాన్ గాకు. సంగారెడ్డిల చెవుల డాక్టరున్నడు. జల్దీ పోదాం. నేను ఎంట వస్త," అన్నాడు.

"దసరా అయినంక పోదాం కాకా."

"దసరాకు, నీ చెవులకు ఏం సంబంధంరా?"

దసరా అయింది. దీపావళి అయింది. నేను కదల్లేదు. పరీక్ష చేస్తే జబ్బుకు పేరు పెడతారు, పేరు పెడితే నిజమైపోతుంది, అదీ నా భయం. కాక వదల్లేదు. గ్రూపులో పెట్టబోయే మూడో పాటను గురువారం సాయంత్రమే నాకు ఒక్కడికి పంపడం మొదలుపెట్టాడు. "మొదటి నిమిషంల ఏం ఇనవడ్డదో రాయి. ఇనవడకుంటే ఇనవడలేదని రాయి. గది గూడ ఇన్నట్టే," అని కింద ఉండేది. గురువారం ఫోన్ గుర్రుమనగానే, పాట తెరవకుండానే, "డ్యూటీల ఉన్న కాకా," అని కొట్టేవాణ్ణి. నా జీవితంలో పాటకు భయపడిన రోజులవే.

చివరి గురువారం కూడా పాట వచ్చింది. దాని కింద, "శనివారానికి డాక్టర్ దగ్గర నంబర్ పెట్టిన. లీవు పెట్టు," అని ఉంది. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నానని కూడా రాయలేదు.

తెల్లారి ఆయన పోయాడు. శవం ముందు డప్పులు కొడుతుంటే పాడె మోశాను. ఆ డప్పులు కూడా నాకు ఒక పక్కనే మోగాయి. మరునాడు శనివారం. సంగారెడ్డిలో డాక్టర్ నా పేరు పిలిచి ఉంటాడు, నేను లేను.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. బంధువులు ఒక్కొక్కరే లేచిపోయారు. నా భార్య విస్తళ్ళు ఎత్తుతోంది. చిన్నమ్మ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"ఆయన ఫోన్ తెరుద్దామంటే ఏలిముద్ర అడుగుతున్నది. ఆఖరి పాట నీకు పంపిండట గద. పెట్టు బిడ్డా, నేను గూడ ఇంట."

"నీకెట్ల తెలుసు చిన్నమ్మా?"

"చాయ్ తాగుకుంట గదే మాటన్నడు. వాడు ఇంక ఇనలేదే అన్నడు."

కాక చేసే పద్ధతిలోనే, పాట పెద్దగా వినబడాలని, ఖాళీ స్టీలు చెంబులో ఫోన్ నిలబెట్టాను. పాట నొక్కాను. తెర మీద క్షణాలు కదులుతున్నాయి. ఐదు. పది. ఇరవై. నాకు గుయ్యిమనే నా మోత తప్ప ఇంకేమీ లేదు. చిన్నమ్మ మాత్రం తల ఒక పక్కకు వంచింది. పదకొండు రోజుల తర్వాత ఆమె ముఖం మొదటిసారి కొంచెం వదులైంది. ఆమె ఏదో వింటోంది. నేను ఆ గదిలో లేనట్టే ఉంది. బాగుంది చిన్నమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకేం ఇనవడ్తలేదు," అన్నాను.

పక్క గదిలో విస్తళ్ళు ఎత్తడం ఆపినట్టుంది, నా భార్య గడపలోకి వచ్చి నిలబడింది.

"ఎప్పటిసంది?" అంది.

"రెండేండ్లాయె. కాకకు ఎరుక."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, భయమో నాకు తెలియలేదు. "గిన్ని రోజులు కడుపుల పెట్టుకున్నవా? శనివారం పోదాం. నేను ఎంట వస్త," అంది.

నాకు భయం పోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది. రేపే శనివారం. డాక్టర్ ఏమంటాడో, గేటు దగ్గర నా హాజరు కార్డు ఇంకెన్నాళ్ళు పనిచేస్తుందో తెలియదు. కానీ కాక అడిగినదానికి జవాబు చెప్పాను, ఆలస్యంగానైనా.

ఆ రోజు మా మాటలయ్యాక చిన్నమ్మ పాటను మళ్ళీ మొదటికి తెచ్చి, నా చెయ్యి తీసుకుని అరచేయి తెరిచింది.

"గంటలు బిడ్డా. మేకల మెడల కడ్తరు సూడు, గట్లాంటియి. దూరంకెళ్ళి ఇనవడ్తున్నయ్."

గంట మోగినప్పుడల్లా నా అరచేతిలో వేలితో తడుతోంది. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. తర్వాత రెండు, వెంటవెంటనే. నేను ఆమె వేలినే చూస్తున్నాను. నిమిషం దాటాక చెంబులోంచి దబ్బున డోలు లేచింది. అది నాకు వినబడింది. డోలు మొదలయ్యాక కూడా చిన్నమ్మ వేలు ఆగలేదు. దాని కింద గంటలు ఇంకా మోగుతూనే ఉన్నాయన్నమాట.