చెంబు వద్దన్న కెప్టెను

మీ కాలి చెప్పు కుట్టిన మనిషి చేతిని మీరు ఎన్నడైనా మీ చేతితో ముట్టుకున్నారా? సభలో చెప్పే జవాబు నాకు వద్దు, ఇంట్లో చెప్పుకునే జవాబు కావాలి. ముప్పై ఏళ్ళుగా నేను మొదటి రకం జవాబే చెబుతూ వచ్చాను. ఈ రోజు రెండోది చెబుతాను.

ధాత కరువు వెళ్ళిపోయి బహుధాన్య సంవత్సరం వచ్చింది. పేరుకే బహుధాన్యం. ఉదయగిరి చెరువు ఇంకా బీటలు వారే ఉంది. కరువు పని కింద కట్ట మరమ్మతు చేయించడానికి వచ్చిన ఇంజినీరు దొరకు పొద్దుపోయేది కాదు. చెరువు నడుమ మూడు పుల్లలు పాతించి, క్రికెట్టు ఆడడానికి రమ్మని ఊళ్ళో వాళ్ళను పిలిచాడు. నేను అప్పుడే నెల్లూరి నుంచి వచ్చిన బడిపంతులిని. శకునాలూ, మడీ, మూఢనమ్మకాలూ అన్నింటినీ వాదంలో ఓడించి వచ్చానన్న గర్వం ఉండేది. ఆటకు నేనూ వెళ్ళాను.

ఒక రోజు దొర బంతి కుట్లు తెగిపోయాయి. మాదిగవాడలో చెప్పులు కుట్టే ఆయన చేతికి పంపారు. మర్నాడు తెచ్చి, దూరంగా నిలబడి, విసిరాడు. బంతి నేల మీద ఒక్కసారి పడి లేచి నడిమి పుల్లను పెరికేసింది. దొర ఇంకోసారి వెయ్యమన్నాడు. అప్పటి నుంచి ఆయన ఆటలో ఉన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి దొర ఆయన్నే కెప్టెను చేశాడు. "మీరంతా బంతిని చూస్తారు, ఇతను ఆటను చూస్తాడు" అన్నాడు. తర్వాత దొరకు బదిలీ అయింది. రెండు బాట్లు మాకు వదిలి వెళ్ళిపోయాడు. కెప్టెను మిగిలాడు.

ఆయనకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. సన్నని మనిషి. చదువు లేదు. కానీ అంత చదువుకున్న చూపును నేను తర్వాత ఎక్కడా చూడలేదు. సీతారామపురం వైపు గొర్రెలు కాసే మనిషిని పట్టుకొచ్చి దూరంగా నిలబెట్టాడు. ఎందుకంటే, మందలో తప్పిపోయే గొర్రెను పక్కవాడికంటే ముందు చూసే కన్ను అది. చేలో పిట్టల మీదికి రాళ్ళు రువ్వడానికి ఒడిసెల తిప్పే రైతును అంచున పెట్టాడు. అక్కడి నుంచి విసిరితే బంతి సూటిగా పుల్లల దగ్గరికే వచ్చేది.

మాతో పోటీకి ఆడే ఆత్మకూరు వాళ్ళు కూడా సంతలో ఆయన దగ్గరే చెప్పులు కొనేవాళ్ళు. పాతవి బాగుకు తెచ్చేవాళ్ళు. అదే ఆయనకు చాలు.

"వాడి చెప్పు ఎడం మడమ కాడ అరిగి ఉంటాది అయ్యోరా. బరువంతా ఎనక్కే. ముందుకు కాలెయ్యడు. బంతి వాడి ముందర పడితే సరి" అని ఆత్మకూరు ఆటగాడొకణ్ణి చూపించి నాతో అన్నాడొకసారి. ఆ మనిషి మూడో బంతికే అవుటయ్యాడు. జోస్యాలన్నీ బూటకాలని ఉపన్యాసాలిచ్చే నాకే అది జోస్యంలా తోచింది. జోస్యం కాదది. చూసిందాన్ని మరిచిపోకుండా ఆలోచించడం. హేతువు అంటూ నేను పుస్తకాల్లో చదివిన దాన్ని మనిషి రూపంలో చూడడం అదే మొదలు.

ఆటలో ఆయన అందరినీ "రా" అనే పిలిచేవాడు. ఊరి పెద్దరెడ్డి మేనల్లుణ్ణి కూడా. ఒకరు తప్పు పడితే నవ్వాడు.

"కట్ట దాటినాక దండం పెడతా. ఈడ 'ఎనక్కి దయచేయండి దొరా' అనేలోపల బంతి కొండెక్కి కూర్చుంటాది."

ఇక మా ఘనకార్యం వినండి. దొర ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఎత్తలేదు గానీ, ఆయన వేసిన బంతిని మేం పట్టుకోవాలి కదా, మైల సంగతేమిటన్న ప్రశ్న లేచింది. రచ్చ దగ్గర రెండు పూటలు చర్చ. బాటు తగిలితే మైల పోతుందని ఒక పక్షం, కట్టెకు మైల లేకపోయినా తోలుకు ఉందని ఇంకో పక్షం. చివరకు తీర్మానం అయింది. మైదానంలో మూడు చోట్ల చెంబులు పెట్టాలి. పట్టింపు ఉన్నవాళ్ళు బంతి మీద నీళ్ళు చల్లి తర్వాత ముట్టుకోవాలి. ఆ తీర్మానాన్ని చక్కని భాషలో రాసింది నేనే. ఎంత ఉదారమైన ఏర్పాటు చేశానో అని ఆ రోజు మురిసిపోయాను కూడా.

ఆత్మకూరు వాళ్ళు మా ఊరికి ఆడడానికి వచ్చారు. మేం చెంబు అందుకునేలోపల వాళ్ళు ఇంకో పరుగు తీసేవాళ్ళు. "చల్లండి సామీ, బాగా చల్లండి! తులసాకు కూడా ఎయ్యండి!" అని అరుస్తూ మరీ పరుగెత్తేవాళ్ళు. గాలిలో వచ్చిన బంతి మీద నీళ్ళెలా చల్లుతాం? అందుకని పక్కకు తప్పుకుని, అది నేల మీద పడ్డాక చల్లేవాళ్ళం. మధ్యాహ్నానికి తోలు నాని బంతి బెల్లపు ముద్దలా అయింది. ఎగరదు, తిరగదు. ఓడిపోయాం.

పెద్దరెడ్డి కట్ట మీదే తీర్పు చెప్పేశాడు. "వచ్చే నెల ఆత్మకూరులో ఆట ఉండాది. అదీ పోయిందంటే కెప్టెను మా అల్లుడు. నువ్వు బంతులు కుట్టుకో."

ఆయన తల ఊపాడు. చెంబుల మాట ఎత్తలేదు.

ఆత్మకూరు ఆటకు కొత్త బంతి కావాలంటే ఆయన ఇంటి దాకా నేనే వెళ్ళాను. వాకిట్లో కూర్చుని కుడుతున్నాడు. దారాన్ని నోట్లో పెట్టి తడిపి, కొస పళ్ళతో బిగించి లాగి, మళ్ళీ తడిపి లాగుతున్నాడు. నేను నిలబడిపోయాను. నా ముఖం చూసి ఆయనకు నవ్వు ఆగలేదు.

"ఏంది అయ్యోరా అట్ట చూస్తారు? కుట్టుకుట్టుకీ నా ఎంగిలే. పైన మీరు నీళ్ళు చల్లుతారు, లోపల నేనుండాను."

బంతిని ఒక గుడ్డలో పెట్టించుకుని తెచ్చాను. అవును, గుడ్డలో పెట్టించుకునే. అంత విన్నాక కూడా.

ఆత్మకూరులో చెరువు కట్ట నిండా జనం. మేం ముందు ఆడాం. తర్వాత వాళ్ళ వంతు. వాళ్ళకు ఇంకా ముప్పై పరుగులు కావాలి, మేం ఇంకా ఐదుగురిని అవుటు చెయ్యాలి. అప్పుడు ఒక బంతి గాలిలోకి లేచి నేరుగా మా ఊరి అర్చకుడి తమ్ముడి మీదికి వచ్చింది. చేతులు చాస్తే చాలు. అతను రెండడుగులు పక్కకు జరిగి, బంతిని పడనిచ్చి, చెంబు అందుకున్నాడు. ఆత్మకూరు వాళ్ళు మూడు పరుగులు తీశారు. కట్టంతా ఒకటే నవ్వు.

కెప్టెను నడిచి వచ్చాడు. చెంబును ముట్టుకోలేదు. దాని ఎదురుగా నిలబడ్డాడు.

"నీళ్ళు కావాల్సినోళ్ళు చెంబులు తీసుకొని కట్ట మీదికి పోండి. కోపం లేదు. ఉన్నోళ్ళతో ఆడతా."

షావుకారు కొడుకు ఎకసెక్కంగా అన్నాడు: "పదిమందిమీ పోతే?"

"ఒక్కణ్ణే ఆడతా. కెప్టెనుగిరీ పోయేది నాది గదా, నీకేంది?"

అర్చకుడి తమ్ముడు కదిలాడు. షావుకారు కొడుకు కదిలాడు. పైన పెద్దరెడ్డి మేనల్లుణ్ణి కేకేశాడు: "రేయ్, నువ్వూ పైకి రా!"

ఆట ఓడితే కెప్టెనుగిరీ ఆ అల్లుడికే వస్తుంది. అతను తలకు గుడ్డ బిగించుకుని, "ఆట అయినాక వస్తా మామా" అన్నాడు.

మూడోవాడు కూడా కట్ట ఎక్కాడు. నేనే. మా నాయన చెవిన పడితే ఏమవుతుందన్న ఒక్క ఆలోచన వచ్చింది. నెల్లూరిలో గెలిచిన వాదాలలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. నా చేతిలో చెంబు కూడా ఉంది.

అందుకే ఆ ఆటను నేను కట్ట మీది నుంచి చూశాను. ఎనిమిది మంది. ఆయన మైదానంలో ఒక పక్కనంతా ఖాళీగా వదిలేశాడు. పిచ్చి పట్టిందనుకున్నాను. పైనుంచి చూస్తుంటే మెల్లగా అర్థమైంది. ఖాళీ పక్కకు కొట్టాలన్న ఆశ ప్రతివాడికీ పుడుతుంది, ఆ ఆశకు లొంగి కాలు తప్పుగా వేస్తాడు. నీళ్ళు పడక బంతి ఎండింది. ఎండిన బంతి ఆయన వేళ్ళు చెప్పినట్టు తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు నలుగురు వెళ్ళిపోయారు. కట్ట మీద నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు.

చివర మిగిలింది బండ్లు తోలే భారీ మనిషి. ఆరు పరుగులు కావాలి. కెప్టెను ఆ మనిషి పాదాలనే కాసేపు చూశాడు. పెద్దరెడ్డి అల్లుడి వైపు తిరిగి అరిచాడు.

"ఎనక్కి పోరా! ఇంకా! ఆ తుమ్మ మొక్క కాడికి! కదలబాక!"

పెద్దరెడ్డి నా పక్కనే ఉన్నాడు. ఆ 'రా' ఆయన చెవిన పడింది. అల్లుడు వెనక్కి నడవడాన్నే చూస్తున్నాడు. బంతి పడింది. బండి మనిషి ఖాళీ పక్కకే ఊపాడు. బంతి తిరిగి, బాటు అంచుకు తగిలి, మరో దిక్కున ఆకాశానికి లేచింది. తుమ్మ మొక్క దగ్గర ఆ కుర్రాడు కదల్లేదు. చేతులు రెండూ చాచి, పట్టి, ఆ పొడి బంతిని గుండెకు అదుముకున్నాడు.

కెప్టెనుగిరీ మాట పెద్దరెడ్డి మళ్ళీ ఎత్తలేదు. ఆ చెప్పులు కుట్టే మనిషి నాయకత్వంలో ఉదయగిరి ఇంకెప్పుడూ ఆత్మకూరు చేతిలో ఓడలేదు. చెంబులూ మళ్ళీ మైదానంలోకి రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి బండ్లు ఆపారు. ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"అయ్యోరా, కట్ట మీది నుంచి ఆట బాగా కనపడినాదా?"

"బాగా కనపడింది" అన్నాను.

"కనపడతాది. ఆడేటోళ్ళకి అంత బాగా కనపడదు లే" అని వెళ్ళి ఎద్దుల పక్కన నిలబడ్డాడు.

అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన చేతి నుంచి నేరుగా బంతి అందుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. తర్వాత ఎన్నో సభలెక్కాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ప్రతి వేదికా నా కంటికి ఆ కట్టలాగే కనిపించింది. అక్కడి నుంచి అన్యాయం చక్కగా కనిపిస్తుంది, వర్ణించడమూ సులువే.

మీరిప్పుడు ఇది చదివి తల ఊపుతున్నారు. నాకు అక్కర్లేదు. పుస్తకం మూయండి. మీ చెప్పు కుట్టిన మనిషి ఇల్లెక్కడో కనుక్కుని, ఈ పూటే ఆ వాకిట్లో కూర్చుని, ఆయన కుండలో నీళ్ళు అడిగి తాగండి. చెంబు మీ ఇంట్లోనే వదిలి వెళ్ళండి. కట్ట దిగండి!