నైరుతి బరువు

మా వదిన పోయింది. ఆ కబురు ఫోనులో చెప్పింది మా అన్నయ్యే. "ఒరేయ్, మీ వదిన పోయిందిరా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "వచ్చేటప్పుడు మెట్లు చూసుకుని ఎక్కు, నాచు పట్టినయ్" అని పెట్టేశాడు. మనిషి పోయిన వేళ మెట్ల మీద నాచు సంగతేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఇల్లు ఎరిగినవాళ్ళకు అనిపించదు. ఆ ఇంటి నుంచి ఏ కబురొచ్చినా దాని వెనకాల నీళ్ళ కబురొకటి నడిచి వస్తుంది.

నేను నందిగామ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసి బతికినవాణ్ణి. అన్నయ్య జగ్గయ్యపేటలో లెక్కల మాస్టారుగా చేసి, అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. పిల్లల్లేరు. ఆ ఇల్లే వాళ్ళ బిడ్డ అనేవాళ్ళు చుట్టాలు. "అవునవును, అందుకే ఎప్పుడూ పక్క తడుపుద్ది" అనేది వదిన. ఆ రోజు బస్సెక్కి కూర్చుని, ఏడుద్దామని కళ్ళు మూసుకుంటే ఈ మాటే గుర్తొచ్చి నవ్వొచ్చింది. పక్క సీటాయన నన్నొకసారి చూసి, సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను అయిదో తరగతితోనే బడి ఎగ్గొట్టాను. వదిన కాపురానికొచ్చిన కొత్తలో, కొట్టు నుంచి వచ్చిన సరుకుల పొట్లాలు విప్పి ఆ కాగితాలు నా చేత చదివించేది. తను చేటలో పప్పు పోసుకుని రాళ్ళేరుతూ "ఊఁ, కానీ మరిదీ" అనేది. అన్నీ సగం చిరిగిన కథలే. "తర్వాతేమైంది వదినా?" అంటే, "చింతపండు పొట్లంలో ఉందేమో, వచ్చేవారం చూద్దాం" అనేది. ఒత్తు మింగితే చేటతో నెత్తిన ఒకటేసేది. ఇవాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చేట దెబ్బల చలవే. ఒత్తులు ఇప్పటికీ సరిగా పడతాయి.

ఇంటి సంగతికొస్తాను. ప్లాను అన్నయ్యే గీశాడు. లెక్కల మాస్టారు కాబట్టి గీతలు తిన్నగా వచ్చాయి. తర్వాత వాస్తు సిద్ధాంతిగారు వచ్చి ఆ గీతలకు దిక్కులు నేర్పారు. నైరుతి మూల ఎప్పుడూ బరువుగా ఉండాలి, లేకపోతే యజమానికి కీడు అన్నారు. అందుకని నీళ్ళ ట్యాంకు నైరుతిలో కట్టమన్నారు. యజమాని దంపతులు పడుకునే గదీ నైరుతిలోనే ఉండాలన్నారు. విడివిడిగా చూస్తే దేనికదే సబబుగా ఉంది. కలిపి చూస్తే మా వదిన మంచం, దానిపైన శ్లాబు, ఆ శ్లాబు మీద ట్యాంకుడు నీళ్ళు.

ఆ పైన మేస్త్రి తెలివి. "ట్యాంకుకి మళ్ళీ వేరే అడుగెందుకు మాస్టారూ, శ్లాబే అడుగు. చుట్టూ గోడలు లేపితే సరి" అన్నాడు. కడుక్కోవడానికి అడుగున పైపు పెడతానన్నాడు గానీ అన్నయ్యే వద్దన్నాడు. కన్నం పెడితే కారుద్దని ఆయన భయం. కన్నం పెట్టకపోయినా కారగలదని అప్పటికింకా ఎవరికీ తెలియదు.

మా జగ్గయ్యపేట చుట్టూతా సిమెంటు ఫ్యాక్టరీలే. ఆకుల మీద సిమెంటు, అరుగుల మీద సిమెంటు, పాలు తోడేసి మూత మరిస్తే పెరుగులోనూ ఉంటుంది. సిమెంటుకు పుట్టినిల్లు లాంటి ఊరు. ఈ ఊళ్ళో శ్లాబు ఉరుస్తోందంటే చెరుకు తోటలో కూర్చుని చక్కెరకు దేవులాడినట్టు. కానీ సిమెంటు గట్టిపడాలంటే నీళ్ళు తాగాలి. శ్లాబు పోసింది నడి ఎండాకాలం. వరి మడులకు మల్లే శ్లాబు మీద మట్టి గట్లు వేసి నీళ్ళు పెట్టారు. మర్నాటికే బోరు చేతులెత్తేసింది. మడులు నోళ్ళు తెరిచాయి. వదిన ఆ మాట ఏనాడూ మరవలేదు. "తాగాల్సిన నాడు దానికి గుక్కెడు పొయ్యలేదు. ఆ దాహం జన్మంతా తీర్చుకుంటంది మీ శ్లాబు" అనేది.

ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు నన్ను కూడా అడిగేవారు, ఎలా ఉందని. నాకు తెలిసింది గడియారం ఒక్కటే. ఎంత చవక గడియారమైనా వెనక మూత ఉంటుంది. చేసినవాడు, ఇది ఏనాటికైనా ఆగుతుంది, ఎవడో ఒకడు తెరుస్తాడు అని ముందే ఒప్పుకుని ఆ మూత పెడతాడు. అన్నయ్య ఇంటికి వెనక మూత లేదు. పైపులన్నీ గోడల్లోపల. ట్యాంకు కింద చెయ్యి దూరదు. ఆగిపోతుందని ఒప్పుకోని గడియారం అది.

బాత్రూము సంగతి చెప్పకపోతే వదిన ఆత్మ శాంతించదు. ఈశాన్యం పల్లంగా ఉండాలి కనక నేల వాలు అటు పెట్టారు. నీళ్ళు పోయే తూము మాత్రం పడమర గోడకుంది. స్నానం చేసిన నీళ్ళు తూము ముఖం చూడకుండా తిన్నగా గుమ్మంలోకి వచ్చి నిలబడేవి. రోజూ పొద్దున్నే వదిన చీపురు పట్టుకుని వాటిని ఎగువకు తోలేది. జి.కొండూరు వైపు రైతుల ఇంటి పిల్ల. "మా నాన్న మడవ తిప్పితే ఎకరాల నీళ్ళు మాట వినేయి. మీ అన్నయ్య బాత్రూములో చెంబుడు నీళ్ళు వినవు" అనేది. ఇంకో మాట కూడా అనేది, నేను మా కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాను: "ప్లాను మగాళ్ళు గీస్తారు మరిదీ, తడిగుడ్డ ఆడాళ్ళు పెడతారు."

నైరుతి గదిలో మొదట చెమ్మ అరచెయ్యంత వచ్చింది. రంగులేయించారు. రంగు అప్పడంలా పొంగింది. చెమ్మ మీద దేవుడి క్యాలెండరు తగిలించారు. దేవుడు పాదాల దగ్గర్నుంచి నానుకుంటూ వచ్చాడు. నడుం ఎత్తు దాకా టైల్స్ అంటించారు. చెమ్మ టైల్స్ వెనకాల మెట్లెక్కినట్టు ఎక్కి పైన తల బయటపెట్టింది. పైకప్పు కనపడకుండా ఫాల్స్ సీలింగు వేయించారు. అదొకనాడు భోజనాల వేళ పెళ్ళ ఊడి వదిన కంచంలో పడింది. "పెరుగన్నంలోకి నంజుకోడానికి" అని పక్కన పెట్టి మిగతాది తినేసింది.

నిద్ర లేవగానే మంచం మీద నుంచే, టైల్స్ పైన గోడకు అరచెయ్యి ఆనించి చూడటం ఆవిడ అలవాటు. "ఇవాళ జ్వరం కాస్త నయం" అనేది. లేకపోతే "ఇవాళ ఒళ్ళు కాలిపోతంది" అనేది. ఆ గోడను అంత శ్రద్ధగా చూసుకున్న మనిషి లేదు.

అయితే కారణం మాత్రం ఆవిడకూ తెలియలేదు. ప్లంబరు శ్లాబన్నాడు, మేస్త్రి పైపన్నాడు, సిద్ధాంతిగారు వీధి పోటన్నారు. వదిన మాత్రం అదంతా పక్కింటావిడ పనే అంది. ఆవిడ ఆ గోడకు అవతల పక్క కూర్చుని అంట్లు తోముతుంది కనక చెమ్మ ఇవతలికి వస్తోందని తేల్చింది. ప్రహరీ మీదుగా తల పెట్టి అడిగింది. అడగటమంటే మామూలుగా కాదు. "ఏమ్మా, మీ కుండలు తోమి తోమి నన్ను కుండలో పెట్టేదాకా ఊరుకోవా?" అంది. ఆవిడా ఊరుకోలేదు. మాటలు పోయాయి. పెరుగు బదుళ్ళు పోయాయి. చివరికి ఎదురుపడితే దారి మారే దాకా వచ్చింది. మా వదిన నాలుకకు దయ తక్కువ. ఆవిడను తలచుకుంటూ ఆ మాట దాచితే అది స్మృతి కాదు, రంగు వెయ్యడం అవుతుంది.

ఒక్క పని ఎవరూ చెయ్యలేదు. ట్యాంకు ఖాళీగా ఉంచి చూడలేదు. ఎలా చూస్తారు? నైరుతి బరువు తగ్గకూడదు. నీళ్ళు కాస్త తగ్గాయంటే అన్నయ్య పరుగెత్తి మోటారు వేసేవాడు.

తర్వాత వదినకు ఆయాసం మొదలైంది. విజయవాడ డాక్టరు ఛాతీ చూసి, ఇల్లెలా ఉంటుందని అడిగి, "ముందు పొడి గదిలోకి మార్చండి, మందు తర్వాత" అన్నాడు. ఆ ఇంట్లో పొడి గది ఉంది. వాయవ్యం మూల చుట్టాల గది. నేను వెళ్ళినప్పుడల్లా పడుకునేది అందులోనే, సుఖంగా నిద్ర పట్టేది. కానీ వాయవ్యంలో పడుకున్నవాళ్ళు ఇంట్లో నిలవరని సిద్ధాంతిగారు చెప్పి ఉన్నారు. చుట్టాలకు ఆ గది అందుకే.

"నాలుగు రోజులు అందులో పడుకోబెడితే ఏం పోద్ది అన్నయ్యా?" అన్నాను.

"అదే పోద్దిరా" అన్నాడు అన్నయ్య. "నిలవదు. నాకు ఉన్నదెవరు?"

ఆయనది మొండితనం అయితే పోట్లాడి ఉండేవాళ్ళం. ప్రేమ అది. ప్రేమతో ఎవరు పోట్లాడగలరు? వదిన మంచం మీద నుంచి వింటూనే ఉంది. "నిలవని గదిలో పడుకుంటే పోతానంటాడు మీ అన్నయ్య. నిలిచే గదిలో నిలిచేది నీళ్ళే మరిదీ" అంది. అని, నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. కానీ మంచం మార్చమని మాత్రం మళ్ళీ అడగలేదు. ఆయన భయం ఆవిడకు తెలుసు.

మన భాషలో ఒక చిత్రమైన మర్యాద ఉంది. బియ్యం అయిపోయాయని ఇల్లాలు అనదు. "నిండుకున్నాయి" అంటుంది. లేమిని లేదని చెప్పడానికి నోరు రాక, నిండిందని చెప్పుకునే జాతి మనది. నాకు ఫోను చేసిన ఆఖరిసారి వదిన ఆ మాటే అంది. "ఎలా ఉన్నావు వదినా?" అంటే, "ఊపిరి నిండుకుంటంది మరిదీ" అంది. ఆవిడ చమత్కారానికి అలవాటుగా నవ్వాను.

నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి వసారాలోకి తెచ్చి పడుకోబెట్టారు. అన్నయ్య నన్ను నైరుతి గదిలోకి లాక్కెళ్ళి చెప్పాడు. "మధ్యాహ్నం ఊపిరి ఆడటం లేదని చూస్తే, నుదుటి మీద చెమట పట్టిందిరా. బతికే ఉందనుకున్నా. తుడిచా. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచా." తలెత్తి పైకప్పు కేసి చూశాడు. అక్కడ ఇంకో బొట్టు సాగుతోంది.

దహనం అయి వచ్చాక, ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోయమన్నాడు పురోహితుడు. బిందెలు, బకెట్లు, కుండలు బోర్లించారు. ఎవరో "మరి పైన ట్యాంకో?" అన్నారు.

"అది కూడానండీ. బిందె నీళ్ళకు మైలా, ట్యాంకు నీళ్ళకు మడీనా?" అన్నాడు పురోహితుడు.

అన్నయ్య అడ్డం వచ్చాడు. "నైరుతి బరువు తగ్గకూడదండీ. ఇంటికి కీడు."

పురోహితుడు ఆయన ముఖంలోకి చూశాడు. "ఇంకా ఏం కీడు కావాలండీ మాస్టారూ?" అన్నాడు.

అడుగున పైపు లేదు కనక కుళాయిలన్నీ తిప్పి వదిలారు. మిగిలినవి ప్లంబరు దిగి చెంబుతో తోడాడు. వసారాలో కూర్చున్న మాకు డాబా మీద నుంచి వాడి కేక వినపడింది. "నిండుకుందండోయ్!"

వదిన ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఎవరూ నవ్వలేదు.

శుద్ధి అయ్యేదాకా ట్యాంకు నింపకూడదన్నారు. పెరట్లో డ్రమ్ములు పెట్టుకుని వాడుకున్నాం. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పక్కింటావిడ వచ్చింది. అన్నేళ్ళ తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే. నైరుతి గది వాకిట్లో నిలబడి గోడను చూసింది. అప్పుడు మేమూ చూశాం. గోడ ఆరిపోయి ఉంది. చెమ్మ పాకిన మేరంతా ఉప్పు పూసి తెల్లగా ఉంది.

"అన్నయ్యగారూ, నేనైతే ఈ రోజులన్నీ అంట్లు అక్కడే తోముతున్నానండీ" అంది పక్కింటావిడ. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. పదునైన మాట. వదిన వినుంటే తన సరిజోడు దొరికిందని మెచ్చుకునేది.

అన్నయ్య లెక్కల మాస్టారు. ట్యాంకు ఎండింది, గోడ ఎండింది. ఈ లెక్క తేలడానికి ఆయనకు పలకా బలపం అక్కర్లేదు. కుర్చీలో కూర్చుండిపోయాడు.

"శుద్ధి అయిపోయిందిగా అన్నయ్యా, మోటారు వెయ్యనా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వద్దు. నా మంచం వాయవ్యం గదిలో వెయ్యి."

"అందులో పడుకుంటే..."

"నిలవరు. తెల్సు. వెయ్యి."

నేను మంచం ఎత్తుతుంటే ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. వదిన పొద్దున్నే చెయ్యి ఆనించే చోట సున్నం అరిగి, లోపలి ప్లాస్టరు బయటపడి ఉంది. అక్కడ తన అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు.

"జ్వరం తగ్గిందిరా" అన్నాడు.

తీశాక అరచేతినిండా తెల్లటి పొడి. అది రాలకుండా వేళ్ళు కాస్త ముడిచి, ఆ చెయ్యి అలాగే ముందుకు పట్టుకుని, మంచం మోసుకెళ్తున్న నా వెనకాలే వాయవ్యం గదిలోకి నడిచాడు.