లిలువా ఇంట్లో ఆగిపోయే పాట

పెద్దమ్మ పోయిందని లిలువాలోని అత్తింటి నుంచి ఫోను చేసింది ఆవిడ బావగారే. మా అమ్మకి అక్కగారైన ఆ మనిషి చావుకబురు ఎవరి నోట వినకూడదో ఆ నోటే విన్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. పెద్దమ్మ ఉంటే ఒప్పుకునేది.

కోడలిగా వచ్చిన కొత్తలో, రైల్వే కాలనీ తెలుగువాళ్ళ ఉగాది సభలో ఆవిడ వాళ్ళమ్మ, అంటే మా అమ్మమ్మ, కట్టిన పాట పాడింది. నాలుగు చరణాల పాట. మూడోది ఎత్తుకోగానే బావగారు స్టేజీ ఎక్కి మైకు వైరు పీకేశారు. ఇంటి కోడలు పదిమందిలో గొంతు విప్పడమేమిటని ఆయన బాధ. పెదనాన్న ఆయనకి తమ్ముడు కదా, అన్నగారి ముందు కిమ్మనలేదు. పెద్దమ్మ ఆ తర్వాత ఆ ఇంట్లో పాడలేదు. బావగారిని ఒక్క మాటా అనలేదు. వేళకి అన్నం పెట్టింది, కంచం తీసింది. ఎంత ఓర్పమ్మా అనేవారు అందరూ. నాకు మాత్రం చెప్పింది, “పగ పెరుగులాటిది నాయినా. తోడేసి కదపకూడదు.”

పెదనాన్న పోయాక, టికియాపారాలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ చేత పాడించి కంప్యూటర్లో రికార్డు చేసేవాణ్ణి. చప్పుడు పడకూడదని తనే ఫ్యాను ఆపి, గాజులు మోచేతిదాకా నెట్టుకుని కూర్చునేది. ఆ పాటల సీడీలు చేసి ఇస్తే లిలువాలో విరిగిపోయాయి. ఎలా విరిగాయో ఎవరూ చెప్పలేదు. నీ ఇంట్లోనే ఉంచు, అక్కడైతే ఎవరి చెయ్యీ అందదు అంది పెద్దమ్మ. బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. మా ఇంటి కంప్యూటర్లో పాట పెడితే ఇంటర్నెట్ మీదుగా వాళ్ళ హాల్లో స్పీకరులో మోగేలా ఏర్పాటు చేశాను.

మోగేది, ఆగిపోయేది. “ఏటిరా, మళ్ళీ ఆగిపోనాది” అని ఫోను. కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగు మార్చాను. పాటల సైజు తగ్గించాను. కేబుల్ వేసే బెంగాలీ దాదా మేడెక్కి, కాకులు పొడిచిన వైరు మార్చి, ఇక మీ మాషీ, అంటే పెద్దమ్మ, ఎంతసేపైనా పాడుకోవచ్చని హామీ ఇచ్చాడు. మర్నాడు మళ్ళీ ఆగింది. విసిగిపోయి ఒక ఆదివారం కొత్త మోడెం పట్టుకుని లిలువా వెళ్ళాను. నేనున్నంతసేపూ పాటలు నిక్షేపంలా మోగాయి, ఉగాదినాటి పాట వంతు మాత్రం రాలేదు. బావగారు పేపరు చాటున ఉండిపోయారు. పెద్దమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

“మిషన్‌కి ఏటీ అవలేదురా. మా బావగారే వైరు పీకేస్తన్నారు.”

ముందే ఎందుకు చెప్పలేదని విసుక్కున్నాను.

“చెప్తే నువ్వు బాగు చేసెత్తావు. ఆయన పీకేసి ఎల్లి కూకుంటారు, నేను గుచ్చేసి నీకు ఫోను చేస్తాను. పాట మొదలైనప్పుడల్లా ఆయన మోకాళ్ళు పట్టుకుని లెగాల, గోడట్టుకుని అక్కడిదాకా నడవాల. ఆ రోజు మైకుకాడికి ఒక్క అంగలో ఎల్లారు.”

పులుసు రుచి చూస్తూ మామూలుగా అంది. ఆ రోజుతో నేను రిపేర్లు మానేశాను. ఆఫీసులో ఎంత పని ఉన్నా, ఆవిడ ఫోను రాగానే అక్కణ్ణుంచే ఇంటి కంప్యూటర్లో పాట మళ్ళీ పెట్టేవాణ్ణి. నాకు ఓర్పు నేర్పింది పెద్దమ్మే. అది దేనికి పనికొస్తుందో నేర్పిందీ ఆవిడే. ఆ ఋణం తీరేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు బావగారు మళ్ళీ ఫోను చేశారు. ఇల్లు బోసిపోయిందట. ఆ ఉగాది పాట ఒకసారి పెట్టమన్నారు. చివరిదాకా ఎన్నడూ వినలేదన్నారు. ఆయన గొంతు వణికింది. వణకనీ అనుకున్నాను. అమ్మమ్మా లేదు, పెద్దమ్మా లేదు. ఆ పాట చివర ఏముందో ఇప్పుడు నాకూ, నా కంప్యూటర్‌కీ తప్ప ఎవరికీ తెలియదు.

పెట్టాను. రెండు చరణాలు పోనిచ్చాను. మూడోది ఎత్తుకోగానే ఆపేశాను.

ఫోను వచ్చింది. “ఆగిపోనాది బాబూ. వైరు నేను ముట్టలేదు.”

లైనులో ఏదో తేడా ఉన్నట్టుంది, చూస్తున్నానండీ అన్నాను. ఆయన ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఆయన కుర్చీని స్పీకరు దగ్గరికి జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది.