ముప్పై నంబరు నెట్టు

పెద్దతల్లికి లోకంలో రెండు రకాల మనుషులంటే లెక్కలేదు. జీడిపప్పు చూసి రకం చెప్పలేనివాళ్లు ఒకరకం, చెప్పగలమని బోర విరుచుకునేవాళ్లు రెండో రకం. ఈ రెండు కోవల్లోకీ రానిది తానొక్కతే అని ఆమె నమ్మకం. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పప్పు ఏరింది. గుప్పెడు గుండ్లు, అంటే విరగని పప్పులు తీసి, అలా ఒక చూపు పారేసి, ఇవి రెండొందల పది, ఇవి రెండొందల నలభై అని విడగొట్టేది. ఒకసారి మేనేజరు అనుమానపడి తక్కెడ తెప్పిస్తే, తక్కెడదే తప్పని తేల్చి వెనక్కి పంపింది.

రెండేళ్లుగా ఇంటి వసారాలోనే దయామణినీ మరో ముగ్గురు ఆడవాళ్లనూ పెట్టుకుని సొంతంగా పప్పు అమ్ముతోంది. ఊరు పలాసకు తూర్పున, సముద్రపు గాలి తగిలే దూరంలో ఉంది. సెల్‌ఫోను సిగ్నలు ఆ గాలికే కొట్టుకుపోతుందని ఊళ్లోవాళ్లు అంటారు.

విజయవాడలో మిఠాయి దుకాణం నడిపే ఉషారాణి ఒకరోజు ఫోను చేసి, పెళ్లిళ్ల సీజను మొత్తానికి పప్పు కావాలంది. ఒక్కటే షరతు. ప్రతి లాటునూ డబ్బాల్లో పోసే ముందు వీడియో కాల్లో చూపించాలి. అంతకుముందు ఎవడో పైన పెద్ద గుండ్లు పేర్చి, అడుగున నూకలు పోసి ఆమెకు అంటగట్టాడట. "మీ కన్ను మంచిదని విన్నానండీ. కానీ నా కళ్లతో కూడా ఒకసారి చూసుకోనివ్వండి" అంది. పెద్దతల్లికి ఆ మాట కాస్త గుచ్చుకుంది. అయినా ఒప్పుకుంది. ఆ ఆర్డరు నిలబడితే పలాస వ్యాపారుల గుమ్మాలు ఎక్కి దిగే బాధ తప్పుతుంది.

ఊళ్లో కేబుల్ టీవీ నడిపే పాపారావు ఇళ్లకు నెట్టు కూడా ఇస్తాడు. ఒక అట్ట మీద మూడు ప్యాకేజీలు రాసి తెచ్చాడు. ముప్పై, వంద, మూడొందలు. ముప్పై అన్నిటికన్నా చవక.

పెద్దతల్లి లోలోపల నవ్వుకుంది. జీడిపప్పులో నంబరు తగ్గేకొద్దీ సరుకు మేలు. ఒక పౌను, అంటే దాదాపు అరకిలో తూగడానికి నూట ఎనభై గుండ్లు చాలితే అది పెద్ద రకం, పెద్ద ధర. మూడొందల ఇరవై పడితే చిన్నగుండు, పాయసాల్లోకి పోతుంది. పలాస చుట్టుపక్కల పిల్లలకు ఎక్కాల కన్నా ముందు వచ్చే లెక్క ఇది. అంత మేలురకం ముప్పైని అన్నిటికన్నా చవగ్గా అమ్ముతున్నాడంటే వీడు వట్టి వెర్రిబాగులవాడు అనుకుంది.

"ముప్పయ్యే రాసీ" అంది.

"ఓపాలి ఆలోసించుకో పిన్నీ..."

"నాకు నంబర్లు సెప్తావేటి? నువ్వు పుట్టకముందు నుంచీ నంబర్లతోనే బతుకుతన్నాను."

ఆ నోటి సంగతి తెలిసిన పాపారావు ముప్పయ్యే రాసుకుని, తీగ లాగి వెళ్లిపోయాడు. పక్కింటి తారకేశ్వరరావు మూడొందలది పెట్టించుకున్నాడని విని, "పాపం, నూకలు కొనుక్కున్నాడు" అని పెద్దతల్లి జాలిపడింది.

మొదటి లాటు రోజు రానే వచ్చింది. పైగుండ్లు చూపించినంతసేపూ బొమ్మ ఎలాగో నడిచింది. గంప అడుక్కి చెయ్యి పెట్టగానే నిలిచిపోయింది. మళ్లీ చేశారు, మళ్లీ అంతే.

"అడుగు చూపించేసరికే ఆగిపోతుందేంటండీ? పాత వ్యాపారి కూడా ఇలాగే ఏదో ఒక సాకు చెప్పేవాడు" అంది ఉషారాణి. "ఎల్లుండి ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే నేను వేరేవాళ్లని చూసుకుంటాను."

పెద్దతల్లిని గయ్యాళి అన్నవాళ్లున్నారు, పొగరుబోతు అన్నవాళ్లున్నారు. దొంగ అన్నవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడం అలవాటు లేక పాపారావు మీదికి వెళ్లింది.

"ఏరా, ఏరికోరి మేలురకం తీసుకుంటే నాకు పుచ్చు నెట్టు అంటగట్టీసినావేటి?"

పాపారావుకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, చెప్పు వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి వంగి నవ్వుకున్నాడు. "పిన్నీ, ఇది పప్పు నంబరు కాదు. సెకనుకి ఎంత సరుకొస్తాదో సెప్పే నంబరు. ఎక్కువుంటేనే మేలు."

ఇంకొకరైతే తల దించుకుని మూడొందలది రాయించుకుని పోయేవారు. పెద్దతల్లి అట్ట లాక్కుంది.

"వస్తాదన్నావు. నాకేటి సినిమాలు రావాలా? నా బొమ్మ ఇజీవాడ ఎల్లాల. పోయేదెంత?"

పాపారావు గొంతు సవరించుకున్నాడు. "ముప్పైలో... పోయేది ఒకటి, పిన్నీ. అదీ లైను కాళీగా ఉంటేనే."

"మూడొందల్లో?"

"ఐదు."

"అంటే నువ్వూ పైన గుండ్లు పేర్సి అడుగున నూకలు పోసినావన్నమాట."

ఊళ్లో అందరికీ వచ్చేదే కావాలని, పోయేది ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదని పాపారావు నసిగాడు. చివరికి సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. ఫైబరు లైను, రావడానికి యాభై, పోవడానికీ యాభై. మర్నాడే తెచ్చి బిగించి, గదిలో నెట్టు డబ్బా పక్కనే నిలబడి ఫోన్లో వేగం కొలిచి చూపించబోయాడు.

"పొయ్యి పక్కన నిలబడితే ఎవులికైనా ఎచ్చగానే ఉంటాది. నాను కూకునే కాడ కొలువు" అంది పెద్దతల్లి.

వసారాలో కొలిస్తే పన్నెండు. డబ్బా గోడకు ఇవతలికి మార్పించింది. నలభై ఎనిమిది. అప్పుడు గాని వాణ్ణి కదలనివ్వలేదు.

అనుకున్న రోజు కాల్లో ఉషారాణి "అబ్బ, మీ చేతి గీతలు కూడా కనిపిస్తున్నాయండీ" అంది. పెద్దతల్లి దర్జాగా గంప అడుగు దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి పళ్లెంలో పరిచింది.

"పెద్దతల్లిగారూ, మీ బొటనవేలి పక్కది మాడింది కదూ? ఆ పక్కది కూడా."

'నీ ఫోనుకే మసి పట్టింది' అనబోయింది. గుండు తీసి కళ్ల దగ్గర పెట్టుకుంది. తెల్లగానే ఉంది. ఎండలోకి చెయ్యి చాపి చూసింది. అప్పుడూ తెల్లగానే ఉంది.

"దయామణీ, నువ్వు సూడే."

దయామణి చూసి తల దించుకుంది. "మాడిందే అప్పా."

"మరి నాకెందుకు కనబళ్లేదు?"

"రెండు నెలల నుంచీ ఇంతే. నువ్వు ఏరినాక మేము మల్లీ ఏరుతన్నాము. ఈయేల లాటు కొత్తది, మల్లీ ఏరడానికి టైము సాల్లేదు. నీకు సెప్పే దయిర్యం ఎవులికుంది అప్పా?"

ఫోను ఇంకా నడుస్తూనే ఉంది. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు.

"అవునమ్మా, మాడినవే. నాకు కనబళ్లేదు. మల్లీ ఏరించి రేపు సూపిత్తాను" అంది పెద్దతల్లి ఫోన్లోకి.

"రేపు ఇదే టైముకి చేస్తానండీ" అని ఉషారాణి మెత్తగా చెప్పింది.

పెద్దతల్లి పప్పు ఏరే తన పీట మీంచి లేచి, దయామణిని కూర్చోమంది. దయామణి భయపడి కదల్లేదు.

"కూకోయే" అని కసిరింది పెద్దతల్లి. గంప తీసి ఆమె ముందు పెట్టింది.