గులాబీ మొదట్లో ఊక బూడిద

తాండూరులో గడిచిన నా చిన్నతనంలో, పక్కింటి అక్కకు పుట్టిన పాప నెల తిరగకముందే పోయింది. వాళ్లది బజారులో కందిపప్పు వ్యాపారం చేసే ఇల్లు. వచ్చిపోయే చుట్టాలకు కొదవ లేదు. వచ్చిన ప్రతివాళ్లూ "మర్చిపో బిడ్డా, మల్ల పుడ్తరు" అనేవాళ్లు. కొన్నాళ్లకు, ఎవరొచ్చినా అక్క లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది.

నన్ను మాత్రం రానిచ్చేది. బండలు పరిచిన వాకిట్లో ఆమె కడుపుతో ఉన్నప్పుడు పెట్టుకున్న రెండు గులాబీ కుండీలుండేవి. ఆ చలికాలం వాటికి బూడిద తెగులు పట్టింది. ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లని పొర, చివుళ్లన్నీ ముడుచుకుపోయి ఉండేవి. అక్క తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ తుడిచేది. అవి మళ్లీ తెల్లబడేవి. మళ్లీ తుడిచేది. చూడలేక ఇంటికొచ్చి మా నానమ్మతో చెప్పాను.

నానమ్మ వడ్ల మిల్లు నుంచి ఊక బూడిద తెప్పించింది. గంప చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అక్క చేతిలోని గుడ్డను మెల్లగా తీసుకుంది.

"గీ ఆకులు మల్ల మంచిగైతయా అవ్వా?" అని అడిగింది అక్క.

అవుతాయని చెబుతుందనుకున్నాను.

"కావు బిడ్డా," అంది నానమ్మ. "తెగులు తాకిన ఆకు మునుపటి లెక్క గాదు. వేరుకు గీ బూడిద పెడ్దాం. వచ్చే ఆకు జర గట్టిగొస్తది."

అక్క అక్కడే బండ మీద కూలబడి బావురుమంది. పాప పోయాక ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు. నానమ్మ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఏడుపు తగ్గాక ఇద్దరూ తెగులు ఆకులు తుంచి, మట్టి గుల్లచేసి, బూడిద కలిపి నీళ్లు పోశారు.

ఒక మొక్క నిలవలేదు. రెండోది ముదురు పచ్చగా, మందమైన ఆకులు వేసింది. అక్క సాయంత్రాలు మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టింది. పాప ముక్కు ఎవరి పోలికో, నిద్రలో ఎట్లా నవ్వేదో చెప్పేది. నానమ్మ పప్పులో రాళ్లు ఏరుతూ వినేది.

ఇప్పుడు వికారాబాదులో మా కోడలు గులాబీలకు సిలికాన్ మందు పిచికారీ చేస్తుంది. అది ఆకును గట్టిపరిచి తెగులును లోపలికి దిగనివ్వదట. తెగులు రాకముందు నుంచే వాడాలట. ఊక బూడిదలో ఉండేదీ అదేనట. నానమ్మకు ఆ పేరు తెలియదు.

ఏ ఇంట్లోనైనా పసిబిడ్డ పోయిందని తెలిస్తే నేను వెళ్తాను. మర్చిపొమ్మని చెప్పను, అంతా మునుపటిలా అవుతుందనీ చెప్పను. ఆ తల్లి పక్కన కూర్చుని, "నీ బిడ్డ ఎట్లుండె తల్లీ?" అని అడుగుతాను.