వంతెన కిందికి దూరే మావయ్య

మా మావయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం నశ్యం కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. వంతెన కనబడితే చాలు, దాని కిందికి దూరి చూడాలి. చూడకుండా పైనుంచి దాటేసి పోవడం ఆయన దృష్టిలో మర్యాద తక్కువ పని.

"పాపం, మనందరినీ మోస్తోంది. నెత్తిన కాలు పెట్టి పోవడమేనా, ఓసారి పలకరించొద్దూ?" అనేవాడు.

ఇంతా చేసి ఆయన ఇంజనీరు కాదు, దర్జీ.

మా ఊరి నుంచి పక్క ఊరికి వెళ్ళే బస్సులో మావయ్య ఎక్కాడంటే, కండక్టరు ముందే ఒక దణ్ణం పెట్టేవాడు. దారిలో మూడు వంతెనలు. ప్రతి వంతెన దగ్గరా మావయ్య "ఒక్క నిమిషం" అని దిగి, గట్టు మీద నుంచి జర్రున జారి, మాయమయ్యేవాడు. డ్రైవరు హారను కొట్టేవాడు. ప్రయాణికులు కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్ళు. కాసేపటికి మోకాళ్ళ నిండా బురదతో, జుట్టులో ముళ్ళకంపతో మావయ్య పైకొచ్చి, "దూలాల కింద రబ్బరు దిండ్లు దివ్యంగా ఉన్నాయి. ఇక పోనీయ్" అనేవాడు.

మొదట్లో జనం తిట్టేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఎంత అలవాటు పడ్డారంటే, ఒకరోజు మావయ్య ఎక్కలేదని ఒక ముసలాయన రెండో వంతెన దగ్గర బస్సు ఆపించాడట. "ఎవరూ చూడకుండా ఎలా వెళ్తాం? ఎవరో ఒకరు దిగండి" అని గొడవ. చివరికి కండక్టరే దిగి చూసొచ్చాడు.

దర్జీ కొట్టులో గోడ మీద సూట్లు వేసుకున్న అందగాళ్ళ ఫోటోలుంటాయి కదా, మావయ్య కొట్టులో అన్నీ వంతెనలే. కమాను వంతెనలు, వేలాడే వంతెనలు, ఓడ వస్తే మధ్యకు విడిపోయి లేచే వంతెనలు. కొత్తగా వచ్చిన ఒకాయన కొట్టంతా కలయజూసి, "ఏమండీ, చొక్కాలు కూడా కుడతారా?" అని అడిగాడు.

కుట్టేవాడు, అద్భుతంగా. కాకపోతే కొలతలు తీసుకునేటప్పుడు ఉపన్యాసం తప్పదు. ఒకసారి మందుల షాపాయన ప్యాంటు నడుం దగ్గర గుడ్డ ఎక్కువ మడతపెట్టి వదిలాడు.

"ఇంత ఎందుకయ్యా?" అన్నాడు మందుల షాపాయన.

"వంతెనలో అక్కడక్కడ సందు వదులుతారు, చూశారా? ఎండకి ఇనుము సాగుతుంది. సందు లేకపోతే పగిలిపోతుంది. విందుకి మీరు సాగుతారు."

మందుల షాపాయనకు కోపం వచ్చింది. కానీ ప్యాంటు మాత్రం పదకొండేళ్ళు వచ్చింది.

అత్తయ్య బాధ అత్తయ్యది. "మా పెళ్ళి ఫోటో చూడు. నా తల సగమే పడింది, వెనక వంతెన మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు పడింది. ఫోటో తీసేవాణ్ణి ఈయనే వెనక్కి జరుగు, ఇంకా వెనక్కి జరుగు అని కాలవలో పడేశాడు!"

ఇలా ఉండగా మా ఊరి నదికి కొత్త వంతెన మొదలుపెట్టారు. అంతవరకూ అవతలికి లాంచీ ఒక్కటే దిక్కు. ఇక చూసుకోండి. మావయ్య రెండున్నరేళ్ళు మధ్యాహ్నం భోజనం నది ఒడ్డునే చేశాడు. కొన్నాళ్ళకు అక్కడ పని చేయిస్తున్న ఇంజనీరమ్మకు అనుమానం వచ్చింది.

"మీరు ఏ శాఖ నుంచి వచ్చారు సార్?"

"దర్జీ శాఖండీ."

ఆవిడ పగలబడి నవ్వి, ఇనుప టోపీ ఒకటి ఇచ్చి లోపలికి రానిచ్చింది. ఆ టోపీ పెట్టుకునే మావయ్య వారం రోజులు మిషను కుట్టాడు.

నది మధ్యలో రెండు పెద్ద స్తంభాలు లేచాయి. వాటి తలల నుంచి ఇటూ అటూ లావుపాటి ఇనుప తీగలు దిగి రోడ్డును పట్టుకున్నాయి. అది ఎలా నిలబడుతుందో మావయ్య ఊరికి వివరించాలనుకున్నాడు. కోటు ట్రయలు కోసం వచ్చిన లాయరు గారు ఒక చేతికే కోటు, ఒంటినిండా గుండుసూదులతో నిలబడి ఉన్నారు.

"చేతులు బార్లా చాపండి" అన్నాడు మావయ్య. చంక దగ్గర కొలత చూస్తాడేమోనని లాయరు గారు చాపారు. రెండు చేతులకూ రెండు గుడ్డల మూటలు తగిలించాడు. చేతులు వాలిపోయాయి. వెంటనే ఒక తాడు తెచ్చి, ఈ మణికట్టుకు కట్టి, లాయరు గారి నడినెత్తి మీదుగా లాగి, ఆ మణికట్టుకు కట్టాడు. చేతులు నిలబడ్డాయి.

"చూశారా! ఇప్పుడు బరువు చేతుల మీద లేదు. తాడు లాగుతోంది, తల మోస్తోంది, కాళ్ళు నేలకు అప్పజెబుతున్నాయి. మీరే స్తంభం!"

"నేను కోర్టుకు వెళ్ళాలయ్యా!" అన్నారు స్తంభం గారు.

వీధి జనమంతా వచ్చి చూసి వెళ్ళాక గానీ ఆయన్ని విప్పలేదు.

వంతెన తెరిచారు, లాంచీ ఆపేశారు. ఆ తర్వాత మూడో వారంలో, నదికి అవతల ఉన్న మా చెల్లికి పొద్దున్నే ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. అమ్మ ఆనందంతో ఫ్లాస్కు, పాత మెత్తటి గుడ్డలు, ఉన్ని టోపీ అన్నీ సర్దింది. సర్ది, కుర్చీలో కూర్చుండిపోయింది.

"నేను రాలేనురా. నువ్వెళ్ళి చూసిరా."

అమ్మకు వంతెనలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు పంటకాలవ మీది చెక్క వంతెన దాటుతుంటే కాలికింద పలక విరిగి, చంకల దాకా దిగబడిపోయింది. ఎవరో వచ్చి లాగారు. కుడికాలి చెప్పు మాత్రం కాలవలో పోయింది. అప్పటి నుంచీ అమ్మ వంతెన ఎక్కలేదు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, ఎన్ని బదిలీలొచ్చినా వంతెన దాటక్కర్లేని బడే అడిగి వేయించుకుంది.

"కారులో కళ్ళు మూసుకుని కూర్చో అమ్మా" అన్నాను.

"నేను మూసుకుంటే అదేమన్నా మాయమైపోతుందా?"

కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవతల చెల్లి ఫోను చేసి "అమ్మ బయల్దేరిందా?" అని అడుగుతోంది. మావయ్యకు ఫోను చేశాను.

ఆయన ధైర్యం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. హడావుడిగా వచ్చి, "అక్కా, ఒక సాయం చేసిపెట్టు. ఆ వంతెన పొడుగు ఎంతో కొలవాలి. నా టేపు మీటరున్నర. ఒక కొస పట్టుకునే మనిషి కావాలి. వీణ్ణి పిలుద్దామంటే వీడికి లెక్క రాదు" అన్నాడు.

నిజమే, నాకు లెక్కలు రావు. అమ్మ నా వైపు జాలిగా చూసింది.

"చివరిదాకా అక్కర్లేదు. నీకు ఎక్కడ చాలనిపిస్తే అక్కడ ఆపేద్దాం" అన్నాడు.

వంతెన మొదట్లో మావయ్య ఎండ లేకపోయినా గొడుగు విప్పి, ఒక మూలకు ఆనించి పెట్టాడు. కాలిబాట మీద సుద్దముక్కతో గీత గీశాడు. అమ్మ టేపు కొస గీత మీద పెట్టింది. మావయ్య లాగి, ఇంకో గీత గీసి, "ఒకటి" అన్నాడు. అమ్మ కళ్ళు నేల మీదనుంచి ఎత్తలేదు. రెండు, మూడు, పది. ఇరవై దగ్గర ఆగిపోయింది.

"ఒరేయ్, ఇది కదులుతోందిరా."

"కదలాలక్కా. కదలనిదే విరుగుతుంది. ఇరవై మూడు."

"ఇరవై మూడేంట్రా? ఇరవై ఒకటి!"

"కాదక్కా, ఇరవై మూడు."

"నాకు లెక్క చెబుతావా నువ్వు? వంగు! కొస సరిగ్గా పెట్టు!"

అంతే. అక్కడి నుంచి మావయ్య ప్రతి పదికీ ఒకటి మింగాడు, లేదా ఒకటి కలిపాడు. అమ్మ ప్రతిసారీ పట్టుకుని చెడామడా తిట్టింది. ఫ్లాస్కు మోసుకుంటూ నేను వెనక నడిచాను. నా వెనక పదిమంది చేరారు. మేము కొలతల అధికారులం అనుకుని ఒకాయన అమ్మ పక్కకు వచ్చి, "మేడమ్, మా వీధి మలుపులో లైటు వెలగట్లేదండీ" అన్నాడు.

"నూట ఇరవై ఆరు. లైటు, రాసుకుంటాను. పక్కకు జరగండి. నూట ఇరవై ఏడు."

దాదాపు నది మధ్యలో అమ్మ నడుం పట్టుకుని నిలబడింది. మొదటిసారి తలెత్తి తీగల వైపు చూసింది.

"దీని కింద చూశావా?"

"నాలుగుసార్లు."

"కనబడ్డ ప్రతి వంతెన కిందికీ ఎందుకురా అలా దూరతావు?"

మావయ్య సుద్దముక్క అటూ ఇటూ తిప్పాడు. "ఆ రోజు ముందు పరిగెత్తి, ఏం కాదు రా అక్కా అని పిలిచింది నేనే కదా. పైనుంచి బాగానే కనబడింది. కింద కుళ్ళిందని నాకేం తెలుసు, ఆరేళ్ళ వెధవని." వంగి టేపు సర్దుతూ, "అయినా నీ చెప్పు ఎక్కడైనా తగులుతుందేమోనని" అన్నాడు.

అమ్మ పకపకా నవ్వింది. "నూట ఇరవై ఎనిమిది. పద."

గంటన్నర తర్వాత అవతలి గట్టు మీద చివరి గీత పడింది. "రెండువందల నలభై ఐదు" అన్నాడు మావయ్య. "రెండువందల నలభై ఎనిమిది" అంది అమ్మ. ఇద్దరూ తగువులాడుతుండగానే అమ్మకు ఎదురుగా ఒక బోర్డు కనబడింది. బెత్తెడు అక్షరాలతో: వంతెన పొడవు 372 మీటర్లు.

అమ్మ పెదవులు కదిలాయి. "మూడువందల డెబ్భై రెండు, ఒకటిన్నరతో భాగిస్తే... రెండువందల నలభై ఎనిమిది. చూశావా, నాదే రైటు!" అని, చటుక్కున మావయ్య వైపు తిరిగింది. "ఒరేయ్, రాసే ఉంది కదరా! అటువైపు కూడా ఇలాంటి బోర్డు ఉండాలే?"

"ఉందేమోనక్కా. గొడుగు అడ్డం వచ్చిందేమో."

అమ్మ వెనక్కి తిరిగి నదిని, అంత పొడుగు వంతెనను, దాని మీద వంకరటింకరగా సాగిన సుద్దగీతలను చాలాసేపు చూసింది. తర్వాత మావయ్య చేతిలోంచి టేపు లాక్కుని, చుట్టచుట్టి తన సంచీలో వేసుకుంది.

"సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు ముందు నేను నడుస్తాను, నువ్వు వెనక కొస పట్టుకో. ఈసారి తప్పు లెక్కపెట్టావంటే నదిలోకి తోసేస్తాను" అంటూ మనవరాలిని చూడటానికి మాకంటే ముందు పరిగెత్తింది.