రెండో వైపు, మూడో పాట

దీన్ని మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. నా భార్యకు కూడా తెలియదు. చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ వేరే మాటేదో బయటికొచ్చింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకేనేమో, ఈసారి చెప్పగలననిపిస్తోంది.

డెబ్బైలలో మాకొక బ్యాండు ఉండేది. పల్లెపాటలకు గిటారు కలిపి వాయించేవాళ్లం. జనం మమ్మల్ని ‘డప్పు గిటారోళ్లు’ అనేవాళ్లు. గిటారు నాది. నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి ఉప్పల్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. డప్పు, గొంతు నర్సింగ్‌వి. వాడు పుట్టిందీ పెరిగిందీ ఉప్పల్లోనే, పని నాచారంలోని రేకుల ఫ్యాక్టరీలో. నాకంటే రెండేళ్లు చిన్న, ‘అన్నా’ అని పిలిచేవాడు. మొదటి రికార్డులో పాటలన్నీ నేనే రాశాను, వరసలూ నావే. ఓ మోస్తరుగా అమ్ముడుపోయింది. ఆ మాత్రానికే నేను నేల మీద నడవడం మానేశాను.

రెండో రికార్డుకు నర్సింగ్ ఒకటే కోరాడు. వాళ్లమ్మ నాట్లేస్తూ పాడే పాట ఒకటి పెడదామని. సరేనన్నాను. ముసలావిడ నాలుగు ముక్కలు పాడితే పోయేదేముంది అనుకున్నాను.

నాచారంలో ఖాళీగా పడున్న గోదామొకటి దొరికింది. గోడలకు గోనెసంచులు వేలాడదీసి, అద్దెకు తెచ్చిన పాత టేపు మిషన్ పెట్టుకున్నాం. మల్కాజిగిరి వైపు నుంచి రైలు కూత వినబడితే అందరం ఆగిపోయేవాళ్లం. రైలు వెళ్లాక మళ్లీ మొదలు.

నర్సింగ్ వాళ్లమ్మ ఎల్లమ్మ పొలం నుంచి నేరుగా వచ్చింది. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. మైకు ముందు నిలబెడితే పాడనంది. నాట్లలో ఒకరు పాట ఎత్తుతారట, మిగతావాళ్లు అందుకుంటారట. అందుకునేవాళ్లు లేకుండా పాట ఎత్తకూడదట. నర్సింగ్ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. అప్పుడు ఎత్తింది.

‘వాన లెక్క వచ్చిండే, వాకిట్ల నిలిసిండే.’

వాడు అందుకున్నాడు. ఆమె మళ్లీ ఎత్తింది. పాట అయ్యాక డోలక్ వాయించే మూర్తి మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేను గిటారు వాయించానన్న సంగతి కూడా ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు అందరూ చాయ్ తాగడానికి ఉప్పల్ చౌరస్తాకు వెళ్లారు. తలనొప్పని చెప్పి నేను ఉండిపోయాను. టేపు వెనక్కి తిప్పాను. సరిగ్గా ఆ పాట ఉన్నచోటే, అది చెరిగిపోయేలా దాని మీదే, నా గిటారూ నా గొంతూ ఎక్కించాను. ‘వచ్చిండే’ని ‘వచ్చాడే’ చేశాను. ‘నిలిసిండే’ని ‘నిలిచాడే’ చేశాను. వెనకనుంచి అందుకునేవాళ్లు లేరు. నేనొక్కణ్ణే పాడుకున్నాను.

వాళ్లు తిరిగొచ్చాక, మిషన్లో టేపు చిక్కుకుని నలిగిపోయిందనీ, ఆ ముక్క కోసి పారేశాననీ, చోటు ఖాళీగా ఉండకూడదని నేనే పాడేశాననీ చెప్పాను. అమ్మను మళ్లీ తీసుకొస్తానన్నాడు నర్సింగ్. రికార్డు కంపెనీవాళ్లు టేపు కోసం తొందరపెడుతున్నారన్నాను. మాట ఎందుకు మారిందని మూర్తి అడిగితే, కోస్తాలో కూడా అమ్మాలి కదా, కంపెనీవాళ్లే మార్చమన్నారన్నాను.

కంపెనీవాళ్లు ఏమీ అనలేదు. మా రికార్డులు చూసే ఆ కంపెనీ బొంబాయి మనిషికి వచ్చిండుకూ వచ్చాడుకూ తేడా ఏం తెలుస్తుంది? మరి నేనెందుకు చేశాను? మా ఇంట్లో ఆ భాషను వెక్కిరిస్తూ అన్నాలు తినేవాళ్లం, నిజమే. చాలా ఏళ్లు దాని మీదికే నెట్టేసి, చదువుకున్న కుర్రాడి అహంకారం అని పేరుపెట్టి సరిపెట్టుకోవాలని చూశాను. కాదు. భాష సాకు. కుళ్లు. ఒట్టి కుళ్లు. చదువురాని ఒక ఆడమనిషి ఒక్క పాటతో నన్ను గదిలో లేకుండా చేసిందని కడుపు మండింది.

ఆ వానాకాలంలోనే ఎల్లమ్మకు కామెర్లు ముదిరాయి. దవాఖానాలో చనిపోయింది. అది జరిగిన వారానికి రికార్డు అచ్చయి వచ్చింది. తలుపు వేసుకుని పెట్టుకున్నాను. రెండో వైపు, మూడో పాట. నా గిటారు మొదలవడానికి ముందు ఓ రెండు క్షణాల ఖాళీ ఉంది. అందులో, ఆ గరగర కింద, ఎవరో పాడుతున్నారు. ముల్లు ఎత్తి మళ్లీ పెట్టాను. అక్కడే. ‘వచ్చిండే.’ ఆ పాత మిషన్ సరిగ్గా చెరపలేదు.

దినాలు అయ్యాక నర్సింగ్ మా గేటు దగ్గరికి వచ్చాడు. గుండు మీద తువ్వాలు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“అన్నా, గా నలిగిన టేపు పారేసినవా?”

పారేశానన్నాను.

“జర ముక్కన్న మిగల్లేదా? ఒక్క మాటైనా సాలు. అమ్మ మొఖం యాదికొస్తుంది గని గొంతు వస్తలేదన్నా.”

రికార్డు నా గదిలో ఉంది. పట్టుమని పది అడుగుల దూరం కూడా లేదు. ఎక్కడ వినాలో చెబితే చాలు. కానీ చెబితే, పారేసిన టేపులోని గొంతు నా పాట కిందికి ఎలా వచ్చిందని అడగడా? అడుగుతాడు. వాడు అమాయకుడే కానీ తెలివితక్కువవాడు కాదు.

“లేదు నర్సింగ్,” అన్నాను.

“పోనీ తియ్యి. మిషన్ గట్ల జేస్తే నువ్వేం జేస్తవ్,” అన్నాడు. నా భుజం తట్టి మరీ వెళ్లాడు.

ఆ తర్వాత వాడు పాడలేదు. మూడో రికార్డు లేదు. ఆ రికార్డు నా దగ్గరే ఉంది. పెట్టుకుంటే వినబడుతుంది, పెట్టకపోయినా వినబడుతుంది. స్నానం చేస్తుంటే, బస్సు ఆగినప్పుడు, పక్కవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్క క్షణం ఊరుకుంటే. ఆమె ఎత్తుతుంది. ఆగుతుంది. ఎవరైనా అందుకుంటారేమోనని చూస్తుంది.

ఈమధ్య చిల్కానగర్లో ఒక పెళ్లిలో నర్సింగ్ కనబడ్డాడు. ఈసారి చెప్పేయాలి, ఏమైనా కానీ అనుకుని దగ్గరికి వెళ్లాను. వాడి కొడుకు నన్ను పక్కకు పిలిచి, నాన్నకు బొత్తిగా వినబడదు, గట్టిగా మాట్లాడండి అన్నాడు. ఇన్నేళ్ల రేకుల చప్పుడు చెవులను తినేసిందట. వాడి చెవి దగ్గర నోరు పెట్టి, బాగున్నావా అని అరిచాను. నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు చెప్పినా వాడు వినలేడు. వినగలిగిన రోజుల్లో నేను చెప్పలేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఎక్కడైనా పాత రికార్డుల మధ్య మాది కనబడితే మాత్రం రెండో వైపు తిప్పండి. మూడో పాట. గిటారు మొదలయ్యేలోపు జాగ్రత్తగా వినండి.

ఆమె ఎత్తుతుంది. మీకు చేతనైతే అందుకోండి.